మా అత్తమ్మ మోకాళ్లు

ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగుకు మొదట పేరిచ్చింది నేనే. ఛత్రినాక గల్లీల్లో తెల్లవారకముందే ఒంటరిగా పరుగెత్తడమెందుకని తోడు వచ్చింది మా అత్తమ్మ నాగమణమ్మ. అప్పటికి ఆమెకు యాభై ఆరేళ్లు. కొన్నాళ్లు నడిచింది, తర్వాత మెల్లగా పరుగు అందుకుంది. మార్చిలో ఒకరోజు, "నా పేరు గూడ రాపియ్యి రశ్మీ" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

జూన్ వచ్చేసరికి ఆమె మోకాళ్లు పట్టేశాయి. అఫ్జల్‌గంజ్‌లో మాకు పూజాసామాన్ల హోల్‌సేల్ దుకాణం ఉంది. మామ పోయినప్పటి నుంచి ఆమే నడుపుతోంది. సరుకంతా పై అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కడం బాగానే ఎక్కేది. దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి దిగేది.

పక్కింటి చంద్రమ్మ చూసి ఊరుకోలేదు. "ఈ వయసుల గీ ఉరుకుడేందే నాగమణీ? మోకాళ్లు అరిగిపోతయి. ఇంట్ల కూసో."

"ముప్పై ఏండ్ల సంది దుకాణంల గద్దె మీద కూసునే ఉన్న గదా. గప్పుడు గూడ నొచ్చినయి" అంది అత్తమ్మ.

అలాగని మొండికి పోలేదు. నన్ను వెంటబెట్టుకుని ఫిజియోథెరపిస్టు సాయికుమార్ దగ్గరికి వచ్చింది. ఆయన మోకాళ్లు వంచి, చాపి, నొక్కి చూశాడు.

"అరిగిపోలేదమ్మా. తొడల్ల బలం తక్కువున్నది, మీరేమో ఉరుకుడు జల్ది పెంచిన్రు. సగానికి తగ్గించుండ్రి" అన్నాడు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, మెల్లగా కూర్చునే వ్యాయామం చూపించాడు. "నొప్పికి పదిల మార్కులేస్కోండ్రి. మూడు దాక ఫికర్ లేదు. నాలుగైతే ఉరుకుడు బంద్, నడువుండ్రి."

ఆ మాటలను ఆమె నోము పట్టినట్టు పట్టింది. దుకాణంలో గద్దె తీయించి కుర్చీ వేయించింది. గిరాకీ తగ్గగానే లేవడం, కూర్చోవడం. ఎదురు దుకాణం గోవింద్ చూసి, "ఏందమ్మా, కుర్సీల ముల్లు గిట్ల ఉన్నదా?" అని అడిగితే, "పదకొండు, పన్నెండు" అని లెక్కపెడుతూనే ఉండిపోయిందట. రోజూ పరుగు కాగానే మార్కు చెప్పేది. "ఇయ్యాల రెండున్నర." ఆ వ్యాయామాలు నన్నూ చేయమంది. నాకు ముప్పై ఒకటే కదా, నాకేమవుతుందిలే అనుకున్నాను.

పదహారు కిలోమీటర్లు పరుగెత్తాల్సిన ఆదివారమే బోనాలు వచ్చాయి. అత్తమ్మ బోనం ఎత్తుకుని, ఆ జనంలో చెప్పులు లేకుండా గుడిదాకా నడిచి వచ్చింది. ఆ రోజు పరుగు జోలికే పోలేదు. "ఒక్కనాడు రెండు పనులంటే మోకాలు ఒప్పుకోదు" అంది.

ఆగస్టు చివర్లో పరుగు. పద్నాలుగు కిలోమీటర్లు ఇద్దరం కలిసే పరుగెత్తాం. ఫ్లైఓవర్ దిగుతుండగా ఆమె ముఖం మారింది.

"ఎంతత్తమ్మా?"

"నాలుగైంది" అంటూనే నడక మొదలుపెట్టింది. పక్కనుంచి జనం దాటిపోతున్నారు. నా కళ్లు గడియారం మీద ఉన్నాయి.

"జర ఓర్చుకోరాదు? ఇంక ఏడు కిలోమీటర్లే" అన్నాను.

"ఓర్చుకునుడు నాకు రాదా బిడ్డా? ముగ్గుర్ని గన్న. గని ఇయ్యాల ఓర్చుకుంటే రేపు మెట్లు దిగలేను. నువ్వు పో. నా కోసం నీ టైమ్ ఖరాబు చేస్కోకు."

వెళ్లిపోయాను. రెండు గంటల నలభై ఒక్క నిమిషాల్లో ముగించాను. మెడల్ వేశారు, ఫొటో తీశారు. సంతోషం రాలేదు. పరుగుకు గడువు మూడున్నర గంటలు. మూడు గంటలు దాటింది, ఇంకో ఇరవై నిమిషాలూ దాటాయి. వచ్చేవాళ్లు పలచబడ్డారు. ఎక్కడైనా కూలబడిందేమోనని మునివేళ్ల మీద లేచి దారి వైపే చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు మలుపు దగ్గర కనబడింది. చున్నీ నడుముకు బిగించి, చిన్న చిన్న అడుగులతో కొంత పరుగు, కొంత నడక. పెదాలు కదులుతున్నాయి, అడుగులు లెక్కపెట్టుకుంటోంది. గడియారం వైపుగానీ, చప్పట్లు కొడుతున్నవాళ్ల వైపుగానీ చూడలేదు. మూడు గంటల ఇరవై నాలుగు నిమిషాలకు గీత దాటింది.

పరుగున వెళ్లి పట్టుకున్నాను. "ఇప్పుడెంత?"

"మూడు. దిగుడు కాడ నడిచిన, సాపు రోడ్డొస్తే ఉరికిన. ఎన్నిసార్లు ఆగిన్నో యాదికి లేదు."

ఓర్చుకొమ్మని అన్నందుకు క్షమించమని అడగబోయాను. అంతలోనే ఏడుపొచ్చింది.

"గదేంది, మెడల్ ఏస్కొని ఏడుస్తున్నవ్? ఇడ్లీలు యాడ పెడుతున్నరో చూడు, మస్తు ఆకలైతుంది" అంది.

నిలబడే నాలుగు ఇడ్లీలు తింది. సోమవారం పొద్దున ఎప్పటిలాగే దుకాణానికి బస్సెక్కింది. మోకాళ్లు బిగుసుకుపోయి మంచం దిగలేక, ఆఫీసుకు సెలవు పెట్టింది నేను.