కుడిపక్క కూత

నవతకు ఏడో ఏట గవదబిళ్ళలు వచ్చాయి. జ్వరం తగ్గి పిల్ల లేచి తిరుగుతుంటే గండం గడిచిందని అందరూ సంతోషించారు. పోతూ పోతూ ఆ జ్వరం కుడిచెవిని పట్టుకుపోయిందని, ఫోను అటువైపు పెట్టుకుని "ఎవ్వరు మాట్లాడ్తలేరు" అని ఆమె అన్న రోజున గానీ తెలియలేదు. తల్లి ప్రమీలమ్మ అప్పటినుంచి రెండు పనులు మొదలుపెట్టింది. కుడిచెవి మీదికి జుట్టు దించి జడ అల్లడం ఒకటి. వినబడని చెవి చూడ్డానికి మామూలుగానే ఉంటుంది కదా, దాన్ని దాచడమెందుకో ఆమెకే తెలియాలి. రెండోది, బయటికి వెళ్తే బిడ్డకు ఎప్పుడూ కుడిపక్కనే నడవడం. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఈ రెండూ తప్పలేదు.

ఇప్పుడు తల్లీకూతుళ్ళిద్దరూ బౌద్ధనగర్‌లో ఉంటున్నారు. నవత యూనివర్సిటీ క్యాంపస్‌లో వ్యాయామ విద్యలో పరిశోధన చేస్తూ, కబడ్డీ పోటీలకు అంపైరుగా వెళ్తుంది. ఆ విజిల్ అంటే ఆమెకు ప్రాణం. ఊళ్ళో ఆడపిల్లలను కోర్టు దగ్గరికి రానివ్వని రోజుల్లో గోడ మీద కూర్చుని ఆట నేర్చుకున్న మనిషి. ఆ గోడ దిగి గీత పక్కకు రావడానికి ఆమెకు పదిహేనేళ్ళు పట్టింది.

కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు అవతలివాళ్ళ సగంలో ఉన్నంతసేపూ ఆపకుండా "కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉండాలి. మధ్యలో ఊపిరి తీసుకుంటే కూత తెగినట్టే. ఆ తర్వాత ఎంతమందిని ముట్టుకున్నా పాయింటు రాదు. అది విని విజిల్ వేయాల్సింది గీత పక్కన నిలబడ్డ అంపైరే. కోర్టుకు ఎదురుగా నిలబడితే సగం కోర్టు నవతకు ఎడమవైపు, సగం కుడివైపు పడుతుంది. ఎడమ సగంలో ఎవడు గుటక మింగినా ఆమె వదలదు. కుడి సగంలో, ఆటగాడు వీపు తిప్పి, గుంపు గోల చేస్తే మాత్రం కూత ఉందో తెగిందో ఆమెకు తెలిసేది కాదు.

ఆరేళ్ళపాటు అవతలి గీత మీద రెండో అంపైరుగా కొమురెల్లి సారు ఉండేవాడు. ఆయనకు విషయం తెలుసు. నవతకు కుడివైపు తెగిన కూతలు ఆయన చూసుకునేవాడు, ఎడమవి ఆమెకు వదిలేసేవాడు. ఈ సంగతి ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు, అసలు ఒకరితో ఒకరు కూడా మాట్లాడుకోలేదు. పోయినేడు ఆయన తప్పుకున్నాడు. ఆ తర్వాత ముషీరాబాద్‌లో జరిగిన పోటీలో కుడి సగంలో తెగిన కూతను నవత వదిలేసింది. ఒక జట్టు అన్యాయంగా ఓడిపోయింది. తప్పు ముమ్మాటికీ ఆమెదే. అంపైర్ల సంఘం ముందు నిలబడి, "నాకు కుడిచెవి వినబడదు" అని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పైకి చెప్పింది.

సంఘం కార్యదర్శి నరహరి ఒకప్పుడు మంచి ఆటగాడు. ఇప్పుడు మంచి మాటగాడు. "ఏమ్మా, గంత కష్టమెందుకు? స్కోరు టేబుల్ కాడ కూసో. నీడపట్టున ఉంటవ్," అన్నాడు.

"నాకు నీడ వద్దు సార్. నెల రోజులు టైమియ్యుండ్రి. మిషన్ పెట్టుకొని వస్త."

"సరే. నెల తర్వాత గ్రౌండు మీద పరీక్ష పెడ్తం. పాసైతే విజిల్, లేకుంటే స్కోరుబుక్కు. ఇగో, పెట్టుకునేదేదో కనబడకుంట పెట్టుకో. అంపైరు చెవుల మిషన్ చూస్తే టీములు నవ్వుతయి."

తార్నాకలో మెట్రో స్టేషన్ మెట్లు దిగి కాస్త లోపలికి వెళ్తే, ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో చెవి మిషన్ల క్లినిక్ ఉంది. దాన్ని నడిపే నిరోష చిన్న వయసుదే గానీ మాట పొదుపు. పరీక్షలన్నీ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"మీ కుడిచెవిల నరం పని చేస్తలేదు. మామూలు మిషన్ ఎంత గట్టిగ పెట్టినా లాభం ఉండదు. ఆపరేషన్ చేసి లోపల పెట్టేది ఒకటున్నది. కానీ ఇరవై ఏండ్లు వినకుంట ఉన్న చెవి కాబట్టి గ్యారంటీ ఇయ్యలేను. సర్జన్‌ను అడగొచ్చు. మిగిలినవి రెండు. తలకు బ్యాండు కట్టుకునేది, కుడిపక్క శబ్దాన్ని పుర్రె ఎముకల నుంచి ఎడమ చెవి లోపలికి పంపుతది. ఇంకోటి క్రాస్. కుడిచెవి వెనక మైకుంటది. అది విన్నది వైరు లేకుండ ఎడమ చెవి మిషన్‌కు పంపుతది. ఏదైనా సరే, వినేది మీ ఎడమ చెవే."

"అంటే కుడిది బాగుకాదా?" అంది ప్రమీలమ్మ.

"కాదమ్మా. ఇంకోటి గూడ చెప్తున్న. శబ్దం ఎటు నుంచి వస్తున్నదో ఇవి చెప్పవు. అన్నీ ఎడమ చెవిలనే వినబడ్తయి."

నిరోష మొదట క్రాస్‌లోనే చెవి రంధ్రంలో ఇమిడిపోయే రకం తీసింది. చెనక్కాయ గింజంత ఉంది, ఒంటి రంగులో. ప్రమీలమ్మ ముఖం వెలిగిపోయింది. "గిదే ఇయ్యుండ్రి మేడమ్. జుట్టు దించితే దేవునికి గూడ కనబడది."

నవత దాన్ని ఎడమ చెవిలో పెట్టుకుని రెండు నిమిషాలు కూర్చుంది. తన గొంతు తనకే బిందెలోంచి వచ్చినట్టు వినబడింది. తీసి బల్ల మీద పెట్టేసింది. "నాకున్నదే ఒక్క చెవి. దానికి బిరడా పెట్టుకోవాల్నా? ఎవరికో కనబడొద్దని మంచి చెవిని మూసుకునుడేంది?"

"నలుగురు చూస్తరే."

"చూడనీ అమ్మా. నన్ను సర్కస్‌కు తోల్కపోతలేవు గదా."

ప్రమీలమ్మ కొంగు సర్దుకుంటూ, "కొన్ని వినకపోతెనే మంచిది బిడ్డా," అంది మెల్లగా. ఆ మాటలో ఏదో బరువుంది. నవత అప్పుడు పట్టించుకోలేదు. ఆమె కోపం ఆమెకుంది.

చెవి తెరిచే ఉండి, వెనక తగిలించుకునే రకం క్రాస్, తలకు కట్టుకునే బ్యాండు, రెండూ ముందు పెట్టుకుంది. ఆ ఏసీ గదిలో, తలుపులు మూసి, నిరోష కుడిపక్కన నిలబడి మాట్లాడితే రెండూ ముత్యాల్లా పలికాయి.

"మేడమ్, గీడ అన్నీ మంచిగనే వినబడ్తయి. నేను గీ గదిల అంపైరింగ్ చెయ్య గదా. గ్రౌండుకు తీస్కపోత."

"ట్రయల్ ఇంటి దగ్గర వాడుకోనీకి ఇస్తం. మట్టిల, చెమటల..."

"నా పని మట్టిలనే ఉన్నది. చెప్పుల షాపుల గూడ నాలుగడుగులు నడిచి చూస్తం గదా."

నిరోష నవ్వాపుకుని, రెండూ చెరో వారం వాడుకోమని ఇచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు, మూడో రోజున తనే గ్రౌండుకు వచ్చి కోర్టు చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడి చూసింది.

బ్యాండు మొదటి రెండు రోజులు రాణించింది. మూడో రోజు ఎండకు చెమట పట్టి జారడం మొదలుపెట్టింది. గీత వెంబడి అటూ ఇటూ పరుగెత్తుతుంటే ఒక చెయ్యి విజిల్‌కు, ఒక చెయ్యి తలకు సరిపోయింది. చివరికి ఒక మలుపులో ఎగిరి కోర్టులో పడింది. కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. నవత దాన్ని తీసి దులుపుకుని, వాళ్ళతో పాటు తనూ నవ్వి, ఆట నడిపించింది. బిగించి కట్టి చూసింది, నొసలు నొప్పి పుట్టింది. పని చేసే మనిషికి అది పనికిరాదని తేల్చుకుంది.

క్రాస్ అంత తేలిగ్గా లొంగలేదు. కుడిపక్క గోల కూడా తెచ్చి ఎడమ చెవిలోనే పోసేది. తన విజిలే తనకు ములుకులా దిగేది. నిరోష రెండుసార్లు సర్ది ఇచ్చింది. వారం చివరికి గోలలోంచి కూతను ఏరుకోవడం నవతకు అలవాటైంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే, కూర్చుని ఓపికగా చేయాల్సిన పని. ఒకరోజు కుడి సగంలో, వీపు తిప్పినవాడి కూత సన్నగా తెగడం స్పష్టంగా వినబడింది. ఆ సంతోషానికి విజిల్ వేయడం మరిచిపోయి నిలబడిపోయింది.

"క్రాసే తీస్కుంట. రంగులేమున్నయ్?" అని అడిగింది.

"ఒంటి రంగు, నలుపు, బూడిద. ఎర్రది గూడ ఉన్నది, పిల్లలు తీస్కుంటరు."

"ఎర్రదియ్యుండ్రి."

పరీక్ష రోజున అద్దం ముందు నవత జుట్టంతా లాగి నడినెత్తిన ముడి వేసింది. రెండు చెవుల వెనకా ఎర్రగా మెరిశాయి. ప్రమీలమ్మ ఆ ముడి వైపు చూసి చెప్పులు వేసుకుంది. "నేను గూడ వస్త," అని మాత్రం అంది.

గ్రౌండులో రెండు కాలేజీల జట్లు సిద్ధంగా ఉన్నాయి. నరహరితో పాటు సంఘంలో పెద్దవాడు బాలస్వామి వచ్చాడు. మార్కులు వేసే కాగితం ఆయన చేతిలో ఉంది. నరహరి చూపు ఎర్ర మిషన్ల మీద పడి అక్కడే ఆగింది.

"కనబడకుంట పెట్టుకొమ్మంటే జెండా కట్టుకొచ్చినవా? సరే, ఆ మంచి చెవి వేలుతోని మూస్కో. మిషన్ చెవితోని నేనేమంటున్ననో చెప్పు."

"గట్ల మూస్తే వినబడది సార్."

"విన్నరా బాలస్వామి సార్? ఆమెనే ఒప్పుకుంటున్నది. మిషన్ పని చేస్తలేదు."

నవతకు చిర్రెత్తుకొచ్చింది. "సార్, మీ కళ్ళద్దాలు ముక్కు మీద ఉన్నయి గదా. కళ్ళు మూస్కొని ముక్కుతోని పేపర్ చదువుతరా? కుడిచెవి చచ్చిపోయింది. దాన్ని లేపనీకి రాలే ఈ మిషన్. కుడిపక్క మాటను ఎడమ చెవికి మోసుకొస్తది, అంతే. పరీక్ష పెట్టాలనుకుంటే ఆట పెట్టుండ్రి."

ఆటగాళ్ళలో కిసుక్కుమని నవ్వు లేచింది. బాలస్వామి గొంతు సవరించుకుని, "ఆట షురూ చెయ్యుండ్రి," అన్నాడు.

నవత గీత పక్కన నిలబడింది. నరహరి కావాలనే ఆమెకు కుడివైపు, నాలుగడుగుల దూరంలో, బాలస్వామిని పక్కన పెట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ వెనక తాడు అవతల ప్రమీలమ్మ నేల మీద కూర్చుంది. గుంపు అప్పటికే గోల మొదలుపెట్టింది.

దిలీప్ కూతకు వెళ్ళాడు. క్యాంపస్‌లో వాడంటే అందరికీ మోజు. కుడి సగంలోకి దూరి, నవతకు వీపు తిప్పి, ఒకణ్ణి తాకాడు, ఇంకొకణ్ణి తాకబోయాడు. ఆ గోలలో "కబడ్డీ కబడ్డీ" దారంలా సాగి, సన్నబడి, ఒక్క ఊపిరికి తెగి, మళ్ళీ అతుక్కుంది. సరిగ్గా అప్పుడే దిలీప్ చెయ్యి రెండోవాడికి తగిలింది.

విజిల్ మోగింది. "కూత తెగింది. రెండో టచ్ చెల్లదు."

గుంపు గొల్లుమంది. దిలీప్ నడుము మీద చేతులు పెట్టుకుని, "ఏంది మేడమ్!" అన్నాడు. నవత కదల్లేదు.

అప్పుడు ఆమె ఎడమ చెవిలో ఒక మాట పడింది. తాపీగా, గొంతు తగ్గించి, ఎవరూ వినరన్న ధీమాతో అన్న మాట. "చెవిటిదానికి పెత్తనమిస్తే గిట్లనే ఉంటది."

నవత గిరుక్కున ఎడమవైపు తిరిగింది. అక్కడ నీళ్ళ డ్రమ్ము తప్ప ఎవరూ లేరు. అన్నీ ఎడమ చెవిలోనే వినబడతాయన్న నిరోష మాట గుర్తొచ్చింది. మెల్లగా కుడివైపు తిరిగింది. నరహరి దిక్కులు చూస్తున్నాడు.

ఒళ్ళు మండిపోయింది. చిత్రంగా, ఆ మంటతో పాటే గుండెల్లో ఏదో పొంగింది కూడా. ఇరవై ఒక్క ఏళ్ళలో కుడిపక్క నుంచి ఆమె చెవిన పడ్డ మొదటి తిట్టు అది.

"సార్, విన్న."

"ఏం విన్నవ్? నేనేమన్న?"

నవత గ్రౌండంతా వినబడేలా చెప్పింది. "'చెవిటిదానికి పెత్తనమిస్తే గిట్లనే ఉంటది' అన్నరు. నిజమే, కుడిచెవి చెవిటిదే. దాపరికం లేదు. ఆ చెవి పక్కన నిలబడి, మెల్లగ అన్నరు, అయినా విన్న. ఇప్పుడు చెప్పుండ్రి, దిలీప్ కూత తెగిందా, లేదా?"

దిలీప్ తల గోక్కుంటూ, "తెగింది సార్. ఒక్క ఊపిరి తీస్కున్న," అని గొణిగి వెనక్కి నడిచాడు.

బాలస్వామి కాగితం మీద ఏదో రాసి, కలం మూత పెట్టాడు. "నరహరీ, పక్కనే ఉన్న నాకే నువ్వన్నది సగం వినబడలే. ఆమెకు పూర్తిగ వినబడ్డది. విజిల్ ఆమెదే. ఇగ నువ్వు జర నోరు మూస్కొని చూడు."

తాడు అవతల ప్రమీలమ్మ లేచి నిలబడింది. కొంగు నడుముకు చుట్టి, నరహరి మీదికి వెళ్ళబోతోంది. ముఖంలో కోపముంది గానీ ఆశ్చర్యం లేదు. నవతకు అప్పుడు అర్థమైంది. అమ్మకిది కొత్త మాట కాదు. బస్టాపుల్లో, పెళ్ళిళ్ళలో, కిరాణా కొట్టు ముందు, బిడ్డకు కుడిపక్కన నడుస్తూ ఇలాంటి మాటలన్నీ ఆమె ఒక్కతే విన్నది. దాచింది చెవిని కాదు, ఆ మాటల్ని. చిన్న మిషన్ కోరిందీ, కొన్ని వినకపోతేనే మంచిదన్నదీ అందుకే.

నవతకు కళ్ళు మండాయి. చెయ్యెత్తి, ఆటగాళ్ళను ఆపినట్టే తల్లిని ఆపింది.

"కూసో అమ్మా. ఇన్నేండ్లు నువ్వు విన్నవ్, చాలు. ఇగ నాది నేను వింట, నేనే జవాబిస్త."

ప్రమీలమ్మ నడుముకు చుట్టిన కొంగు విప్పుకుని, మెల్లగా కూర్చుంది. నవత కోర్టు వైపు తిరిగి విజిల్ నోట్లో పెట్టుకుంది. అవతలి జట్టు కూత ఒకటి అయ్యాక, దిలీప్ జట్టువాడు ఇంకొకడు కూత అందుకుని కుడి సగంలోకి దూకాడు.