పాత విండోస్‌లో త్రినాధరావు

అనకాపల్లి స్టేషన్ రోడ్డులో ఉన్న డీటీపీ షాపుని రోజూ సుప్రియే తెరిచేది. షట్టర్ ఎత్తి, ఊడ్చి, కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ తీసేసరికి తల్లి శ్రీదేవి తండ్రిని ఆటోలోంచి దింపి, మెల్లగా నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టేది. పోయిన ఏడాది పక్షవాతం వచ్చినప్పటినుంచీ త్రినాధరావు కుడిచెయ్యి ఒళ్లో పెట్టిన చోటే ఉంటోంది.

ఆ కంప్యూటర్ బాగా పాతది. అందులో రెండు విండోస్‌లు ఉన్నాయి. కొత్తది ఆన్‌లైన్ దరఖాస్తులకీ హాల్ టికెట్లకీ. పాతది శుభలేఖలకి. త్రినాధరావు తన పెళ్లికి ముందు ఏడాది వేయించుకున్నది అది. ఆయన చేతికి అలవాటైన తెలుగు అక్షరాలు కొత్త దాంట్లో పనిచేయవు. అందుకని కొత్తది వేసినప్పుడు మెకానిక్ నానాజీ పాతదాన్ని చెరపకుండా పక్కనే ఉంచాడు. "పాతదానికి మాత్రం నెట్ ఇవ్వకు బావా, వైరస్ వచ్చేత్తాది," అని ఒక్క జాగ్రత్త చెప్పి వెళ్లాడు.

స్విచ్ వేస్తే నల్లటి తెర మీద రెండు పేర్లు కనబడతాయి. ఊరుకుంటే కాసేపటికి కొత్తదే తెరుచుకుంటుంది. కింది బాణం నొక్కి ఎంటర్ కొడితే పాతది వస్తుంది, జబ్బు చేసినప్పటినుంచీ దాంతోపాటు ఆ ఏడాది త్రినాధరావు కూడా వస్తాడు. జుట్టు నల్లబడుతుంది, వంకరపోయిన మూతి సరవుతుంది, కుడిచెయ్యి లేచి మౌస్ పట్టుకుంటుంది. కంప్యూటర్ ఆపేస్తే మళ్లీ మామూలే. శుభలేఖల కోసం వచ్చేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. గుమ్మంలోనే ఆగి, "పాత దాంట్లో ఉన్నారా?" అని అడుగుతారు. లేరంటే టీ తాగి వస్తారు.

చిక్కల్లా ఒకటే. ఆ ఏడాదికి ఆయనకింకా పెళ్లి కాలేదు.

మొదటిసారి అలా ఆ చెయ్యి లేచినప్పుడు సుప్రియ పరిగెత్తుకొచ్చి, "నాన్నా, సెయ్యి!" అంది. త్రినాధరావు ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, "ఎవరమ్మా నువ్వు? ఎవరికోసం వచ్చేవు?" అన్నాడు.

సుప్రియ పక్కనున్న చీపురు అందుకుంది. తర్వాత, "పనికోసం వచ్చేను సార్," అంది. అప్పటినుంచీ పాత దాంట్లో ఆయన సార్, ఆమె పనికొచ్చే పిల్ల.

శ్రీదేవి వెనక బెంచీ మీద కూర్చునేది. ఆమె ఎవరో కస్టమర్ అనుకుని ఓసారి ఆయనే మాట కలిపాడు. "వచ్చే వారం కోటవురట్లలో పిల్లని సూడ్డానికెళ్లాలండి. మీదే ఊరు?"

"కోటవురట్లే."

"పిల్ల ఎలాంటిదో తెలుసాండి?"

"కాత్త కోపం ఎక్కువంట. ఒప్పేసుకోండి," అంది శ్రీదేవి, కొంగు సర్దుకుంటూ. ఆ వచ్చే వారం ఆ విండోస్‌లో ఎప్పటికీ రాదు.

కొత్త దాంట్లో ఉన్నప్పుడు మాత్రం తండ్రీకూతుళ్లకి పడేది కాదు. సుప్రియ ఇంటర్ అయిపోయింది. విశాఖలో ఫైనార్ట్స్ చదువుతానంది. త్రినాధరావు వద్దన్నాడు. మాట ముద్దగా వస్తుంది కాబట్టి ఏదైనా ఒక్కసారే చెప్పేవాడు. "అచ్చరాలు నమ్ముకుని నేనేటయ్యేనో సూత్తన్నావు కదా. కెమిస్ట్రీ సదువు. పరవాడలో మందుల కంపెనీలున్నాయి." ఒంట్లో బాగాలేని మనిషితో వాదించలేక సుప్రియ అడగడం మానేసింది. ప్రవేశ పరీక్షకి దరఖాస్తు గడువు దగ్గరపడుతోంది. ఊళ్లో పిల్లలందరి దరఖాస్తులూ ఆమే నింపుతోంది, తనది తప్ప.

నూకాలమ్మ జాతరకి బ్యానర్ పని వచ్చినప్పుడు పాత దాంట్లో ఏ అక్షరాలు పెట్టినా త్రినాధరావుకి నచ్చలేదు. వెనక్కి తిరిగేసరికి సుప్రియ పాడైన జిరాక్సు కాగితం మీద అమ్మవారి పేరు పెన్సిల్‌తో రాస్తోంది. ఆయన ఆ కాగితం తీసుకుని, దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు.

"నీకిది ఎవరు నేర్పేరు?"

"మా నాన్న. సిన్నప్పుడు దిద్దించేవోరు."

"ఏం సదూతావు?"

సుప్రియ చెప్పింది. వాళ్ల నాన్న వద్దంటున్నాడనీ, ఈ పనిలో బతుకు లేదంటున్నాడనీ కూడా చెప్పింది.

త్రినాధరావుకి కోపం వచ్చింది. "నేను బతకట్లేదా? మీ నాన్నని ఓసారి షాపుకి రమ్మను. నేను మాటాడతాను."

"రారు సార్."

"రాకపోతే నేనే మీ ఇంటికొత్తాను. ఇలాంటి సెయ్యి ఊరికే పోనిత్తారేటి?"

సుప్రియ కాగితాలు సర్దే వంకతో ప్రింటర్ వైపు తిరిగింది.

పాత దాంట్లో జరిగినవి త్రినాధరావుకి గుర్తుండేవి. కానీ మొహాలూ పేర్లూ చెరిగిపోయి, ఎప్పుడో పెళ్లికి ముందు జరిగినట్టుగా గుర్తుండేవి. ఆ సాయంత్రం కంప్యూటర్ ఆపేశాక శ్రీదేవి టీ గ్లాసు పట్టుకుని తాగిస్తుంటే ఆయన మధ్యలో తల పక్కకి తిప్పాడు.

"కుర్రతనంలో... నా దగ్గర ఒక పిల్ల పనిసేసేది," అన్నాడు. "బాగా రాసేది. వాళ్ల నాన్న సదవనిచ్చేవోడు కాదు. మాటాడతానన్నాను. ఆయన రానేలేదు. నేనైనా ఎళ్లలేదు." ఎడమచేత్తో కుడిచెయ్యి ఒళ్లో సర్దుకున్నాడు. "ఇన్నేళ్లైంది. ఆ పిల్ల ఏటైపోయిందో."

సుప్రియ కంప్యూటర్ మీద గుడ్డ కప్పుతోంది. శ్రీదేవి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు మాటాడండి," అంది. "వాళ్ల నాన్న ఇక్కడే ఉన్నాడు."

త్రినాధరావు భార్యని చూశాడు. తర్వాత చాలాసేపు కూతుర్ని చూశాడు. సుప్రియ షట్టర్ దించడానికి లేచినప్పుడు, "దరకాస్తుకి టైముందా?" అన్నాడు.

"ఉంది నాన్నా."

"అయితే కూకో. ఇప్పుడే నింపు."

సుప్రియకి సీటొచ్చింది. ఇప్పుడు షాపు తెరిచేది శ్రీదేవి. బాణం మీట నొక్కడం కూడా ఆమే నేర్చుకుంది. సుప్రియ లేకుండా షాపు తెరిచిన మొదటి రోజు పాత దాంట్లో త్రినాధరావు చుట్టూ చూసి, "ఆ పిల్ల రాలేదేటండి?" అన్నాడు.

"వాళ్ల నాన్న ఒప్పుకున్నాడండి. విశాఖలో సదూతంది."

త్రినాధరావు తల ఊపాడు. 

"మంచోడే అయ్యుంటాడు," అన్నాడు.

"మొండోడు," అంది శ్రీదేవి, ఆ రోజు శుభలేఖ ఆయన ముందు పెడుతూ. "మంచోడే."