రెండు కళ్ల కెమెరా

ఏలూరు పవర్‌పేటలో నిరంజన్ పొద్దున్నే స్టూడియో తెరిచి, నేల తుడిచి, ముందురోజు పెళ్లి ఫోటోలు కంప్యూటర్‌లో వేసుకుని కూర్చుంటాడు. డిజిటల్ కెమెరాతోనే బతుకు వెళ్లిపోతున్నా, వెడల్పు ఫిల్మ్ వేసే పాతకాలపు కెమెరా ఒకటి కొనుక్కోవాలని అతని కోరిక. దాంతో కొల్లేరు పక్షుల్ని తీసి ఊళ్లో ప్రదర్శన పెట్టాలని.

తాడేపల్లిగూడెంలో స్టూడియో మూసేసిన నిత్యానందంగారి దగ్గర అలాంటివి రెండున్నాయి. ఒకటి బరువైనది. దూరపు లెన్సు, దగ్గర లెన్సు, ఏది కావాలంటే అది బిగించుకోవచ్చు. రెండోది ఒకదాని మీద ఒకటి రెండు కళ్లున్న పెట్టె. దాని లెన్సు మారదు. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి చూడాలి.

"రెండూ పట్టుకెళ్లి ఒక్కోదాంతో ఒక రీలు తియ్యి బాబూ. నచ్చింది ఉంచుకో. రెండోది మా మేనల్లుడికి ఇస్తాను," అన్నారాయన.

ఆదివారం ఆటపాక దగ్గర గూడబాతుల్ని తీసి, నిరంజన్ కైకలూరులో సలోమి ఇంటికెళ్లాడు.

పిల్లలకి లెక్కలు ట్యూషన్ చెప్పే సలోమి ఏ ఫోటోలోనూ పడదు. కుర్చీ వస్తుంది, ఆమె రాదు. పుట్టినప్పటినుంచీ అంతే. చర్చి ఫోటోల్లో ఆమె నిలబడ్డ మేరకు ఖాళీ ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు. ఇబ్బందల్లా టీచరు పరీక్షకే. ఫోటో లేని దరఖాస్తు తీసుకోరు. ఆమె నిరంజన్ స్టూడియోకి ఎన్నిసార్లు తిరిగినా ఫలితం లేకపోయింది.

"ఫిల్మ్ మీద పడతారేమో చూద్దామండీ," అన్నాడు నిరంజన్.

"పడకపోతే బాధపడకండేం," అంది సలోమి, జడలో కనకాంబరాలు సర్దుకుంటూ. వాళ్లమ్మ యేసమ్మ ఇద్దరికీ టీ పెట్టింది.

రెండు కెమెరాలతోనూ ఆమెని తీసి, ఇంటికొచ్చి నిరంజన్ ఫిల్ములు కడిగాడు. బరువు కెమెరాలో గూడబాతు ముక్కునుంచి జారే నీటిచుక్క కూడా వచ్చింది. సలోమి కూర్చున్నచోట మాత్రం కుర్చీ, దానిపైన గాల్లో కనకాంబరాలు. రెండు కళ్ల కెమెరాలో పక్షులు ఎక్కడో దూరంగా, చల్లిన బియ్యపుగింజల్లా ఉన్నాయి. సలోమి ఉంది. ఎవరో ఏదో అన్నట్టు నవ్వుతూ ఉంది.

నిత్యానందంగారికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. "రెండు కళ్లది ఉంచుకుంటానండీ."

"పక్షులకి అది పనికిరాదయ్యా. ఆ అమ్మాయి ఫోటో ఎలాగూ పడిందిగా, పెద్దది తీసుకో."

"ఒక్క ఫోటోతో సరిపోతుందాండీ ఆవిడకి? ముందుముందు ఎన్ని కావాలో!"

"ఉంచుకో బాబూ," అని నవ్వారాయన.

ఆ బొమ్మని కంప్యూటర్‌లోకి ఎక్కించినా సలోమి చెరిగిపోలేదు. దరఖాస్తు వెళ్లింది. ఆమె పరీక్ష రాసింది. కామవరపుకోట బళ్లో ఉద్యోగం వచ్చింది.

మొదటి సెలవుకి ఆమె స్వీట్లు పట్టుకుని స్టూడియోకొచ్చింది. "ఇంకో ఫోటో కావాలండీ."

"గుర్తింపు కార్డుకా?"

"కాదు. మొదటి ఫోటోలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఇద్దరం ఉన్నది కావాలి."

నిరంజన్ చెవులు ఎర్రబడ్డాయి. "మరి కెమెరా నేను పట్టుకోవాలి కదండీ," అన్నాడు.

"అంత పాత కెమెరా, దానికేదో ఉపాయం ఉండే ఉంటుంది."

ఉంది. నిరంజన్ కెమెరాని స్టాండు మీద పెట్టి, తల వంచి ఆమెని మధ్యనుంచి కొంచెం పక్కకి జరగమన్నాడు. టైమరు మీట నొక్కి, గబగబా వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నాడు. కెమెరా గిర్రుమంటోంది.

"తల దించుకోకండి," అంది సలోమి. "ఎదురుగా చూడండి."