కొలనుకు బకెట్ సాక్ష్యం

అల్లుడి ఇంట్లో మేస్త్రీ తన చేత్తో కట్టిన ఈతకొలనులో నీళ్లు రోజూ తరిగిపోతున్నాయి.

"కారుతోంది మామయ్యా," అన్నాడు అల్లుడు.

"ఎండ తాగుతోంది," అన్నాడు మేస్త్రీ. తన పని కారుతుందంటే ఆయనకు తల కొట్టేసినట్టే.

అల్లుడు నీళ్ల బకెట్ ఒకటి కొలను మెట్టు మీద పెట్టి, రెండింటికీ నీటిమట్టం దగ్గర గీత గీశాడు. రెండూ సమానంగా తగ్గితే ఎండ, కొలనే ఎక్కువ తగ్గితే చిల్లు.

మేస్త్రీ ఎవరూ చూడకుండా బకెట్లోంచి చెంబుడు నీళ్లు తీసి కొలనులో పోశాడు. మనసాగక ఇంకో రెండు చెంబులు పోశాడు.

మర్నాడు ఆయన భార్య వంగి చూసింది. కొలను రెండు వేళ్లు తగ్గింది, బకెట్ బెత్తెడు తగ్గింది.

"ఏమయ్యా, ఈ బకెట్ కూడా నువ్వే కట్టావా?"

మేస్త్రీ సిమెంటు కలపడానికి లేచాడు.