దర్జీ మాట పూర్తయ్యేదాకా

“ముందు మీ ఇంట్లో రేడియో కట్టెయ్యండి. తర్వాత మాట్లాడుదురు గాని.”

ఇరవై రెండేళ్లుగా ఫోనక్క పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా చెప్పే మాట ఇదే. ఆ ఊరి రేడియోలో జనంతో నేరుగా మాట్లాడే కార్యక్రమానికి ఫోన్లు ఎత్తేది ఆమె. అద్దం అవతల కూర్చున్న వ్యాఖ్యాత గొంతు ఊరందరికీ తెలుసు. ఫోనక్క గొంతు మాత్రం ఫోను చేసినవాళ్లకే తెలుసు. సన్నని మనిషి. హెడ్‌ఫోను ఒత్తుకుంటుందని కుడి చెవిపోగు ఎప్పుడో తీసేసింది. “అమ్మకు ఆ చెవి ఊరిది, ఈ చెవి మాది,” అని కూతురు వేళాకోళం చేస్తుంది.

బల్ల ఎదురుగా గోడకు ఒక అట్టముక్క. దాని మీద ఆమె చేతిరాత: ‘పాలాయన: రెండు నిమిషాలు దాటితే రాజకీయం. మాస్టారు: తిట్టబోయే ముందు దగ్గుతారు, చెయ్యి స్విచ్చి మీద ఉంచాలి. దర్జీ: నత్తి, తొందరపెట్టకూడదు.’ ఊరి గురించి అంతకన్నా నికరమైన పుస్తకం ఏ సర్కారు కచేరీలోనూ లేదు.

ఆ రోజే ఈ కార్యక్రమానికి ఆఖరు. ఖర్చు తగ్గించుకోవాలని యజమానులకు బుద్ధి పుట్టింది. పదకొండు నుంచి రాజధానిలో రికార్డు చేసిన కార్యక్రమమే అన్ని ఊళ్లకూ.

“ఆరు నూరైనా పదకొండుకి లైను కట్టెయ్యాలి. కింద రిసెప్షన్‌లో మీకు కుర్చీ చూశానండి, పాడు చేసుకోకండి,” అన్నాడు మేనేజరు.

రెండు నిమిషాలు తక్కువ పదకొండుకి దర్జీ ఫోను.

“అక్కా... రే... రేడియో కట్టేశా. బ... బడి ముందు...”

ఫోనక్క అతన్ని ప్రసారంలో కలిపింది. గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు దాటింది, పదకొండైపోయింది. మేనేజరు నిప్పు తొక్కిన కోతిలా గదిలోకి వచ్చాడు.

“కట్టెయ్యండి.”

ఆమె స్విచ్చి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. “మనిషి మాట మధ్యలో ఉన్నాడండి.”

“రాజధానిలో కార్యక్రమం సిద్ధంగా ఉంది.”

“ఉండనివ్వండి. రికార్డే కదా, చల్లారిపోదు.”

ఆమెకు భయం వేసింది. భయం కన్నా కోపం ఎక్కువ వేసింది. చెయ్యి తియ్యలేదు.

“బడి ముందు... కాలవ మీద బండ... వి... విరిగింది. వాన నీళ్లలో... కనబడట్లేదు. పిల్లల్ని... పదకొండుంబావుకి వదులుతారు.”

వ్యాఖ్యాత ఆ మాట రెండుసార్లు చెప్పాడు. వెంటనే ఫోను మీద ఇంకో లైటు వెలిగింది, పాలాయన.

“ఆ వీధిలోనే ఉన్నానక్కా. బండి అడ్డం పెట్టేశా.”

అతన్నీ ప్రసారంలో కలిపి, “రెండు నిమిషాలు దాటనివ్వను లెండి,” అంది మేనేజరుతో.

పదకొండూ ఏడుకు ఆమే లైను కట్టేసింది. రాజధాని గొంతు తియ్యగా శుభోదయం చెప్పి, ఎండ హాయిగా ఉందంది. కిటికీ మీద వాన దంచుతోంది.

“ఆ కుర్చీ సంగతి మర్చిపోండి,” అన్నాడు మేనేజరు.

“మీరే కూర్చోండి. ఊరు ఏమంటుందో అక్కడైతే బాగా వినబడుతుంది.”

హెడ్‌ఫోను కొక్కేనికి తగిలించింది. కలం తీసి గోడ మీది అట్టముక్కపై ఏదో గీసింది. గొడుగు తీసుకుని, మెట్లు దిగి, వానలోకి నడిచిపోయింది.

ఎవరూ ఎత్తని ఫోను మీద లైటు వెలిగి ఆరుతోంది. దాని ఎదురుగా అట్టముక్క, ‘తొందరపెట్టకూడదు’ కింద ఇంకా ఆరని సిరా గీతతో.