ముమ్మారూ అదే మచ్చ

జ్వరానికి వేర్ల పొడి అమ్మే సెర్వా అందులో రంగు కలుపుతోందని ఎవరో ఫిర్యాదు చేశారు. కుమాసీ నగర ప్రయోగశాలలో పని నేర్చుకుంటున్న ఒవుసువాకు ఆ పొడిని పరీక్షించమని ఇచ్చారు. ఆమె కాగితం పట్టీ మీద పెన్నుతో గుర్తు పెట్టి, ఆ గుర్తు మీదే పొడి కషాయం చుక్క వేసి, పట్టీ అంచును స్పిరిట్‌లో ముంచింది. తడి పైకి పాకేకొద్దీ రంగులు విడిపోయాయి. గోధుమరంగు మచ్చకు పైన నీలం మచ్చ తేలింది. మూడుసార్లు చేసినా అదే ఎత్తున అదే నీలం. కొత్తగా నేర్చిన లెక్కలన్నీ కట్టి, మూడింటికీ అణువంత తేడా కూడా లేదని, పొడిలో రంగు కలిసిందని గర్వంగా రాసిచ్చింది. వారం తిరక్కుండా సెర్వా దుకాణం ఎత్తించేశారు.

నెల తర్వాత ఆమె మరో పట్టీ మీద గుర్తు పెడుతుంటే, అక్కడ పని నేర్పే బాదు మాస్టారు చూశారు.

"పెన్నా? నీ పెన్సిల్ మేక తినేసిందా? సిరా కూడా పైకి ఎక్కుతుందమ్మాయ్! ఒకే తప్పు నూరుసార్లు చేస్తే నూరుసార్లూ ఒకే జవాబు వస్తుంది."

ఒవుసువా ఈసారి కషాయం వేయకుండా ఉత్త గుర్తుతోనే పట్టీ అంచును ముంచింది. నీలం మచ్చ తాపీగా అదే ఎత్తుకు చేరింది.

ఆ సాయంత్రమే సెర్వా ఇంటికెళ్లి, తలెత్తకుండా అంతా చెప్పేసింది.

"ఇప్పుడొచ్చావా తల్లీ!" అంది సెర్వా. "మూడుసార్లు చూశారన్నారు. ముమ్మాటికీ తప్పు నా వేర్లలోనే ఉందనుకున్నా. మా అమ్మ దాచిచ్చిన వేర్లన్నీ నా చేతులతోనే పొయ్యిలో పెట్టేశా."