గుడ్డలు కప్పిన కంప్యూటర్లు

మహిమ ఆ హైస్కూల్లో చేరి మూడో ఏడు నడుస్తోంది. పిల్లలు ఆమెను కంప్యూటర్ మేడం అంటారు. ఆ పిల్లల్లో ఒక్కరి చెయ్యి కూడా ఇంతవరకు కంప్యూటర్ మీద పడలేదు.

పర్చూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా పత్తి, మిరప చేలు తప్ప ఇంకేమీ కనిపించవు. ఆ చేల మధ్యనే ఉంది స్కూలు. వెనక వరసలో చివరి గది కంప్యూటర్ ల్యాబ్. లోపల కొత్త కంప్యూటర్లు, వాటి మీద దుమ్ము పడకుండా పూల గుడ్డలు. ఆ గుడ్డలు హెడ్మాస్టర్ రోశయ్యగారు దగ్గరుండి కుట్టించారు. తలుపుకు తాళం. తాళంచెవి ఆయన టేబుల్ సొరుగులో.

చేరిన కొత్తలో మహిమ వారానికోసారి అడిగేది. "తీద్దాంలేమ్మా" అనేవాడాయన. గట్టిగా అడిగిన రోజు మాత్రం అసలు సంగతి చెప్పాడు.

"ఒకటి పాడైందనుకో, రికవరీ ఎవరి మీద పెడతారు? నా మీదేగా! రిటైర్మెంట్ ముందు నాకెందుకమ్మా ఈ తద్దినం?"

అలాగని మహిమకు పని లేకుండా పోలేదు. పొద్దున రాగానే పిల్లల హాజరు ఎక్కించాలి. మధ్యాహ్నం భోజనం ఫోటో, గుడ్ల ఫోటో, మరుగుదొడ్ల ఫోటో. మిగతా టీచర్ల సెలవులు, పాస్‌వర్డ్‌లు, తెరుచుకోని యాప్‌లు. "అమ్మా మహిమా, ఇదేంటో ఎర్రగా వస్తోంది చూడు" అంటూ ఎవరో ఒకరు ఫోను పట్టుకుని వచ్చేవారు. సాయంత్రం బస్సెక్కేసరికి కళ్ళు మండిపోయేవి. ఆ రోజు తాను ఏ పిల్లకైనా ఏమైనా చెప్పిందా అని వెతుక్కుంటే ఏమీ దొరికేది కాదు.

ఆమె టీచరు కావాలనుకున్నది ఇందుకు కాదు.

మహిమది వేటపాలెం. తల్లి ఆదెమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మహిమ చీరాలలో డిగ్రీ చదివి, అక్కడే స్టేషన్ రోడ్డులో చెంచయ్య నెట్ సెంటర్లో కుదిరింది. జనం వచ్చి ఫోను ఆమె చేతిలో పెట్టి "మీరే కొట్టండమ్మా" అనేవారు. రహస్యంగా ఉంచుకోవాల్సిన నంబర్లు కూడా అందరికీ వినిపించేలా చెప్పేవారు. ఆమె ఏం కొడుతోందో వాళ్ళకు తెలియదు. ఏం కొట్టినా తల ఊపి వెళ్ళిపోయేవారు.

ఒకరోజు కాలేజీ సీటు కోసం ఒక నేతగాళ్ళ అమ్మాయి వచ్చింది. పక్కన నిలబడి కీబోర్డు వంక అదేపనిగా చూస్తోంది. మహిమకు ఏమనిపించిందో, లేచి తన కుర్చీలో ఆ పిల్లను కూర్చోబెట్టింది. అమ్మాయి ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టింది, తప్పు పోతే చెరిపింది, మళ్ళీ కొట్టింది. వెనక జనం విసుక్కుంటున్నారు. చివరికి అప్లికేషన్ వెళ్ళిపోగానే ఆ పిల్ల "నేనే కొట్టా!" అని గట్టిగా నవ్వింది.

ఆమె వెళ్ళాక చెంచయ్య కోప్పడ్డాడు. "నువ్విట్టా అందరికీ నేర్పించుకుంటా కూచుంటే రేపు మన షాపుకి ఎవడొస్తాడమ్మా?"

తిట్టు గుర్తుండలేదు, ఆ నవ్వు గుర్తుండిపోయింది. ఆ ఏడే మహిమ బీఎడ్‌కు పరీక్ష రాసింది. పగలు కాలేజీ, సాయంత్రాలు అదే నెట్ సెంటర్. తర్వాత ఈ స్కూల్లో అవుట్‌సోర్సింగ్ మీద కంప్యూటర్ టీచరుగా పోస్టు వచ్చింది. ఆదెమ్మ ఆదివారం చర్చిలో లేచి నిలబడి "మా మహిమ టీచరైంది" అని సాక్ష్యం చెప్పి ఏడ్చింది.

జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం రోశయ్యగారు హడావుడిగా వచ్చాడు.

"రేపు పెద్దాఫీసరు వస్తున్నారమ్మా, ల్యాబ్ చూస్తారంట. తొమ్మిదో తరగతిలో కాస్త శుభ్రంగా ఉండే పిల్లల్ని కూచోబెట్టు. ఏదో ఒక బొమ్మ తెరిచి పెట్టు. వాళ్ళు మౌస్ మీద చెయ్యి పెట్టుకుంటే చాలు."

"ఏమీ నేర్పకుండా ఎలా సార్?"

"ఫోటో కోసమేగా! ఒక్క పది నిమిషాలు."

మహిమ ఆయన చెప్పినట్టే చేసింది. గుడ్డలు తీసి మడతపెట్టింది. పిల్లలు గదిలోకి వచ్చి గుడిలోకి వచ్చినట్టు నిలబడిపోయారు. వాళ్ళ చేతులు పట్టుకుని ఒక్కొక్కరినీ కూర్చోబెడుతుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆఫీసరు వచ్చి, ముందు వరసలో ఉన్న శ్రీదివ్య దగ్గర ఆగాడు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"చెయ్యి పెట్టుకున్నానండీ."

"అంటే?"

"ఇట్టా పెట్టుకుని కదలకుండా కూచోమన్నారండీ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "వారానికి ఎన్ని కంప్యూటర్ క్లాసులు?" అని అడిగాడు ఆఫీసరు. శ్రీదివ్య మహిమ వంక చూసింది. ఏం చెప్పమంటారు అన్నట్టు. మహిమ తల దించుకుంది.

"మేం ఈ గదిలోకి రావడం ఇదే మొదలండీ," అంది పిల్ల.

ఆఫీసరు మహిమ వైపు తిరిగాడు. "మీరేనా టీచర్? మరి ఏం చేస్తున్నారు ఇన్నాళ్ళూ?"

మహిమ నోరు తెరిచేలోగా రోశయ్యగారు అందుకున్నాడు. "వోల్టేజీ ప్రాబ్లం సార్, ఈ సైడు కరెంటు సరిగా ఉండదు..." ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. ఫోటో తీయించుకుని వెళ్ళిపోయాడు. ఆ ఫోటో కూడా మహిమే ఎక్కించింది.

వారం తిరగకుండా మెమో వచ్చింది. రోశయ్యగారికి కాదు, మహిమకు. క్లాసులు ఎందుకు తీసుకోలేదో సంజాయిషీ ఇవ్వాలట. ఆ కాగితం పట్టుకుని ఆమె తిన్నగా ఆయన గదికి వెళ్ళింది.

"క్లాసులు చెప్పలేదని రాశారు సార్. నిజమే. తాళంచెవి ఇవ్వండి."

"దానికింత ఆవేశం ఎందుకమ్మా? ఏదో రెండు ముక్కలు రాసిస్తే సరిపోద్ది. నేను మాట్లాడతాగా."

"మీరు మాట్లాడొద్దు. తాళంచెవి ఇవ్వండి."

"మరి ఆన్‌లైన్ పని ఎవరు చూస్తారు?"

"ముందు క్లాసు. టైముంటే మీ పని."

ఆయన ముఖం ఎర్రబడింది. "నిన్ను తీసేసి ఇంకొకళ్ళని పెట్టుకోవడం ఎంతసేపు?"

"పెట్టుకోండి సార్. వచ్చేవాళ్ళకి ముందే చెప్పండి, ఇక్కడ టీచరు పని లేదని."

తన గొంతు అంతగా పైకి లేస్తుందని మహిమకే తెలియదు. పక్క గదిలో లెక్కల పాఠం ఆగిపోయింది. రోశయ్యగారు లేచి తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత సొరుగు లాగాడు. "ఏది పాడైనా నీదే బాధ్యతని రాసిచ్చి తీసుకుపో" అన్నాడు. ఆమె నిలబడే రాసిచ్చింది.

మర్నాడు తొమ్మిదో తరగతికి వెళితే సగం బెంచీలు ఖాళీ. మిరపకాయ కోతలు మొదలయ్యాయి. ఆడపిల్లలు దాదాపు ఎవరూ లేరు. ఉన్న కొద్దిమందినీ ల్యాబ్‌కు తీసుకెళ్ళింది. కొన్ని కంప్యూటర్లు వెలగనేలేదు. వైర్లు ఎలుకలు కొరికేశాయి. వెలిగినవాటి చుట్టూ పిల్లలు తోసుకుంటుండగా కరెంటు పోయింది. మహిమ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

సాయంత్రం శ్రీదివ్య వాళ్ళ చేనుకు నడిచింది. తల్లి మల్లేశ్వరి వంగి కాయ కోస్తోంది, పక్క సాలులో శ్రీదివ్య. చేనంతా ఎర్రగా ఉంది. గట్టు మీదికి రాగానే మహిమకు తుమ్ములు వచ్చాయి.

"పిల్లని బడికి పంపమ్మా. ల్యాబ్ తెరిచాం."

"కాయ పండి రాలిపోతా ఉంది మేడం. కూలోళ్ళు దొరకట్లా. అది లేకపోతే నాకెట్టా సాగుద్ది?"

"ఇప్పటికే చాలా పోయింది. ఇంకా ఆలస్యమైతే..."

మల్లేశ్వరి నడుం ఎత్తి నిలబడింది. "మూడేళ్ళు తాళమేసి ఉంచారంటగా! ఇప్పుడు మూడు వారాలకి ఏం మునిగిపోద్ది?"

ఆ మాటలో తప్పు పట్టడానికి మహిమకు ఏమీ దొరకలేదు. కోపం ఎవరి మీద చూపాలో తెలియక చెప్పులకంటిన మట్టిని గట్టుకేసి రాస్తూ నిలబడింది.

"ఆదివారం కోత ఉండదు మేడం," అంది శ్రీదివ్య తల ఎత్తకుండానే. "ఉన్న కూలి ముఠావాళ్ళంతా చర్చికి పోతారు."

ఆదివారం ఆరాధన అయీ కాకముందే మహిమ లేచింది. "ఆదివారం పూట బడేంటే?" అని తల్లి చర్చి గుమ్మం దాకా వచ్చి గొణిగింది. బస్సు దిగేసరికి స్కూలు గేటు దగ్గర పిల్లలు గుంపుగా ఉన్నారు. ఆడపిల్లలు వేళ్ళు ఊదుకుంటున్నారు. నిన్నటి కోత మంట ఇంకా తగ్గలేదట. అందరికీ చేతులు కడిగించి, కళ్ళు ముట్టుకోవద్దని చెప్పి లోపలికి పంపింది.

శ్రీదివ్య తన పేరు కొట్టడం మొదలుపెట్టింది. సగం కొట్టి ఆగిపోయింది. "వీ ఎక్కడుంది మేడం?" అని కీబోర్డంతా వెతికింది. "దొరికింది!" అని తానే అరిచింది. పక్కవాళ్ళు వంగి చూశారు.

అప్పుడే ఫోను మోగింది. రోశయ్యగారు.

"అమ్మా, మొన్నటి గుడ్ల ఫోటో ఎక్కలేదంట. పైనుంచి ఒకటే ఫోన్లు."

"క్లాసులో ఉన్నాను సార్," అంది మహిమ.

ఆ మాట ఆయనతో అనడం ఆమెకు అదే మొదటిసారి. అటువైపు ఆయన ఏదో అంటుండగానే ఫోను పెట్టేసింది. సోమవారం ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఈ ఏడు చివర్లో తన పోస్టు ఉంటుందన్న నమ్మకమూ లేదు.

వెనక నుంచి ఏడుపు వినిపించింది. ఎవరో పిల్ల కారం ఇంకా వదలని చేత్తోనే కళ్ళు నులుముకుంది. "చెప్తే వినరే! కళ్ళు ముట్టుకోవద్దన్నానా?" అని అరుస్తూ మహిమ ఆ పిల్లను రెక్క పట్టుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తింది. గదిలో మిగిలిన వాళ్ళు ఆమె వచ్చేదాకా ఆగకుండా, ఒకరి చెయ్యి ఒకరు తోసుకుంటూ, మీటలు టకటకా కొట్టేస్తున్నారు.